ఫెడరల్ ఆఫీసర్ అరెస్ట్ చేస్తే: ఏ చట్టం కింద చేశారో ఎలా తెలుసుకోవాలి, తప్పు జరిగితే ఎక్కడికి వెళ్ళాలి

అమెరికాలో మా తెలుగు సంఘం హెల్ప్‌లైన్‌కి కొంతకాలంగా ఒకే ప్రశ్న రకరకాల గొంతుల్లో వస్తోంది. "అన్నా, ఐస్ (ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ పోలీసు) వాళ్ళు మన స్టేట్ చట్టం కింద కూడా పట్టుకోవచ్చా?" "ఎఫ్‌బీఐ ఆఫీసర్ తప్పు చేస్తే లోకల్ పోలీసులు కేసు పెడతారా అండీ?" "వాళ్ళకి ఇమ్యూనిటీ (కేసుల నుంచి రక్షణ) ఉందట కదా, ఇంక మనం చేసేదేం లేదా?" ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు, దశలవారీగా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను లాయర్ని కాదు. టెక్సస్‌లో ఉంటూ, రాత్రి పూట ఫోన్లు ఎత్తే వాలంటీర్‌ని. ఇది చదివాక కూడా మీ కేసుకి లాయర్ కావాలి. కానీ లాయర్ దగ్గరికి సరైన కాగితాలతో, సరైన ప్రశ్నలతో వెళ్ళేవాళ్ళకీ వట్టి భయంతో వెళ్ళేవాళ్ళకీ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా నేను కళ్ళారా చూశాను.

ముందే సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

గ్రీన్ కార్డ్ ఉంటే కార్డు, హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉంటే ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ రుజువు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలని ఫెడరల్ చట్టమే చెబుతోంది. "ఇంట్లో ఉంది సార్" అంటే చట్టం ముందు చెల్లదు.

ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ నంబరు, ఒక క్రిమినల్ లాయర్ నంబరు. ఇద్దరూ వేరు. రెండు నంబర్లూ కాగితం మీద రాసి ఉండాలి, ఎందుకంటే ఫోన్ తీసేసుకుంటారు. ఎ-నంబర్ (ఇమ్మిగ్రేషన్ శాఖ మనిషికి ఇచ్చే ఫైలు నంబరు) ఉంటే అది ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. మీ ప్రాంతానికి ఏ భారత కాన్సులేట్ వస్తుందో చూసి ఆ నంబరు కూడా రాసుకోండి.

ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. ఎందుకో ఏడో దశలో తెలుస్తుంది.

1. ఆ క్షణంలో: అబద్ధం వద్దు, అడ్డం పడొద్దు

అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇదే. నాకు తెలిసి మనవాళ్ళకి ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

ఫెడరల్ ఆఫీసర్‌కి తెలిసి తెలిసి అబద్ధం చెప్పడమే ఒక నేరం. ఫెడరల్ చట్టాల పుస్తకంలో టైటిల్ 18 (నేరాల భాగం), సెక్షన్ 1001 కింద మామూలుగా 5 ఏళ్ళ దాకా జైలు. ప్రమాణం చేసి చెప్పక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు, గుమ్మం దగ్గర నోటితో అన్న మాట చాలు. మౌనంగా ఉండటం నేరం కాదు, అబద్ధం మాత్రం నేరం.

ఒక రోజు పొద్దున్నే ఆరున్నరకి ఖమ్మం నుంచి వచ్చిన ఎంఎస్ కుర్రాడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. "అన్నా, తలుపు దగ్గర ఉన్నారు. రూమ్మేట్ గురించి అడుగుతున్నారు. లేడని చెప్పెయ్యనా?" రూమ్మేట్ బాత్రూంలో ఉన్నాడు. "లేడని చెప్పకు తమ్ముడూ. 'లాయర్‌తో మాట్లాడాకే జవాబు చెప్తాను' అని మాత్రం చెప్పు, ఆ తర్వాత నోరు మూసుకో" అన్నాను. అతను అలాగే చేశాడు. ఆ రోజు స్నేహితుణ్ణి కాపాడుతున్నాననుకుని ఒక్క మాట జారి ఉంటే, తన మీద ఏ ఆరోపణా లేని పిల్లాడు ఫెడరల్ క్రిమినల్ కేసులో ఇరుక్కునేవాడు.

రెండో సంగతి: ఆఫీసర్ చెయ్యి విదిలించడం, తలుపుకి అడ్డంగా నిలబడటం, కారుతో ముందుకు కదలడం వద్దు. ఫెడరల్ ఆఫీసర్‌ని బలప్రయోగంతో అడ్డుకోవడం సెక్షన్ 111 కింద వేరే నేరం. వాళ్ళు చేస్తున్నది తప్పే అయినా, ఆ తప్పు తేలేది తర్వాత కోర్టులో. గుమ్మం దగ్గర మీరు చేయాల్సింది "నేను అనుమతి ఇవ్వడం లేదు" అని అందరికీ వినపడేలా ఒకసారి చెప్పడం. అయినా లోపలికి వస్తే చేతులు కనపడేలా పెట్టి పక్కకి తప్పుకోండి.

వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. ఐ-94 చూపించడం వేరు, ప్రశ్నలకి జవాబులు చెప్పడం వేరు. స్టేటస్ గురించిన ప్రశ్నలకి ఎంతవరకు జవాబు చెప్పాలో మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఈ వారమే అడిగి పెట్టుకోండి. పేరు విషయం కూడా అడగండి. చట్టబద్ధంగా ఆపినప్పుడు పేరు చెప్పి తీరాలనే నియమం కొన్ని రాష్ట్రాల్లో ఉంది.

2. వచ్చింది ఎవరో తేల్చుకోండి

జాకెట్ మీద 'పోలీస్' అని రాసి ఉన్నంత మాత్రాన వాళ్ళు మీ ఊరి పోలీసులు కాకపోవచ్చు. ఫెడరల్ ఆఫీసర్లు కూడా ఆ మాట వేసుకుంటారు. దానికి తోడు, ఊరి పోలీస్ డిటెక్టివ్ ఒకాయన ఫెడరల్ టాస్క్‌ఫోర్స్‌లో ప్రమాణం చేసి పనిచేస్తూ ఉండొచ్చు. అప్పుడు చొక్కా ఊరిది, అధికారం ఫెడరల్‌ది.

2014లో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఇదే జరిగింది. ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్, ఒక ఊరి డిటెక్టివ్, ఇద్దరూ మామూలు బట్టల్లో ఉండి ఒక కాలేజీ కుర్రాణ్ణి వేరే నిందితుడనుకుని ఆపారు. దొంగలనుకుని అతను పరిగెత్తాడు. కొట్టారు. పైగా అతని మీదే స్టేట్ కేసు పెట్టారు, జ్యూరీ నిర్దోషి అంది. ఆ తర్వాత వాళ్ళ మీద అతను వేసిన దావా 2021లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఏళ్ళకేళ్ళు నడిచిన ఆ వాదనకి మూలం, ఆ ఇద్దరూ ఆ రోజు ఎవరి తరఫున పనిచేస్తున్నారన్న ప్రశ్న.

కాబట్టి అడగండి: "ఏ ఏజెన్సీ అండీ? పేరు, బ్యాడ్జ్ నంబరు చెబుతారా?" చెప్పకపోతే వాదించొద్దు. బండి నంబరు, జాకెట్ మీద అక్షరాలు, ఎంతమంది, టైమ్ ఎంత అన్నవి గుర్తు పెట్టుకోండి. పక్కన ఉన్నవాళ్ళు దూరం నుంచి, దారికి అడ్డం రాకుండా వీడియో తీయొచ్చు.

నకిలీ ఆఫీసరేమో అని అనుమానం వస్తే 911కి ఫోన్ చేసి, "మా ఇంటి దగ్గర ఫెడరల్ ఆఫీసర్లమని కొందరు వచ్చారు, నిజమేనా చెప్పండి" అని అడగండి. ఫెడరల్ ఆఫీసర్‌గా నటించడం 3 ఏళ్ళ దాకా జైలు పడే నేరం. "మీ పేరు మీద వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులు కొను" అని ఫోన్లో బెదిరించేవాళ్ళు మాత్రం నూటికి నూరు పాళ్ళూ మోసగాళ్ళే. ఆ ఫోన్ పెట్టేయండి.

3. కాగితం చదవండి, సంతకం ఎవరిదో చూడండి

వారెంట్ ఉందంటే తలుపు సందులోంచి ఇవ్వమనండి, లేదా కిటికీ అద్దానికి పెట్టి చూపించమనండి. ఫోటో తీయండి. చూడాల్సినవి మూడే.

పైన కోర్టు పేరు ఉందా? 'యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్ట్' అనో, స్టేట్ కోర్టు పేరో ఉండాలి. కింద సంతకం జడ్జిదా, మేజిస్ట్రేట్ జడ్జిదా, లేక ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్‌దా? మూడోది, అందులో ఉన్న పేరు, చిరునామా మీవేనా?

ఐ-200, ఐ-205 అన్న నంబర్లుంటే అవి ఇమ్మిగ్రేషన్ శాఖ తనే రాసుకున్న వారెంట్లు. వాటిని జడ్జి చూడలేదు. వాటితో మనిషిని అరెస్ట్ చేయొచ్చు గానీ, ఇంట్లోకి వెళ్ళడానికి జడ్జి వారెంట్ కావాలన్నది లాయర్లు చెప్పే మాట. జడ్జి ఇచ్చిన అరెస్ట్ వారెంట్ అయితే నిందితుడి సొంత ఇంట్లోకి వెళ్ళొచ్చు. అతను మీ ఇంట్లో చుట్టపుచూపుగా ఉన్నాడంటే మామూలుగా వేరే సెర్చ్ వారెంట్ ఉండాలి. 1981లో సుప్రీం కోర్టు చెప్పింది ఇది.

మనవాళ్ళు చేసే పొరపాటు ఏంటంటే, పైన 'వారెంట్' అన్న మాట చూడగానే తలుపు పూర్తిగా తీసేస్తారు. తలుపు తీసి పక్కకి జరిగితే, మీరు అనుమతి ఇచ్చారని తర్వాత వాదించే అవకాశం ఉంది.

4. అరెస్ట్ ఏ చట్టం కింద? ఫెడరలా, స్టేటా?

ఇక్కడ ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చిన మనందరికీ ఒక పాత అలవాటు అడ్డొస్తుంది. సీబీఐ రాష్ట్రంలోకి రావాలంటే రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలని మనకి తెలుసు. 2018 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఆ సమ్మతిని వెనక్కి తీసుకుంది, 2019లో కొత్త ప్రభుత్వం మళ్ళీ ఇచ్చింది. 2022 ఆగస్టులో తెలంగాణ వెనక్కి తీసుకుంది. ఆ లెక్కతో ఇక్కడ కూడా "మా గవర్నర్ ఒప్పుకోలేదు కదా, వాళ్ళెలా వస్తారు?" అని అడుగుతారు.

ఇక్కడ అలా లేదు. ఫెడరల్ నేరాలకి, ఇమ్మిగ్రేషన్‌కి ఫెడరల్ ఆఫీసర్ అధికారం నేరుగా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) చేసిన చట్టం నుంచి వస్తుంది. ఎఫ్‌బీఐకి టైటిల్ 18 సెక్షన్ 3052, మార్షల్స్‌కి (ఫెడరల్ కోర్టుల పోలీసులు) 3053, డీఈఏకి (మాదకద్రవ్యాల నిరోధక శాఖ) టైటిల్ 21 సెక్షన్ 878, ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లకి టైటిల్ 8 సెక్షన్ 1357. వీటికి ఏ గవర్నర్ అనుమతీ అక్కర్లేదు. తన పోలీసులు సాయం చేయరని రాష్ట్రం చెప్పొచ్చు, ఫెడరల్ ఆఫీసర్‌ని రావద్దని చెప్పలేదు.

స్టేట్ చట్టం ప్రశ్న ఎప్పుడొస్తుందంటే, ఫెడరల్ ఆఫీసర్ స్టేట్ నేరానికి పట్టుకున్నప్పుడు. ఉదాహరణకి, వేరే పని మీద వెళ్తున్న ఎఫ్‌బీఐ ఏజెంట్ కళ్ళముందు ఎవరో ఒకరిని కొడుతున్నారు. మామూలుగా అది స్టేట్ నేరం. అక్కడ ఆయనకి అరెస్ట్ చేసే అధికారం ఎంత అన్నది ఆ రాష్ట్రం తన చట్టంలో ఇచ్చినంతే. రాష్ట్రం ఏమీ ఇవ్వకపోతే, మామూలు పౌరుడికి ఉన్న అధికారం మాత్రమే మిగులుతుంది.

2019 జనవరి మనవాళ్ళు ఇంకా మర్చిపోలేదు. మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ పేరుతో ఫెడరల్ ఏజెంట్లే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం కేసు. విద్యార్థుల్ని చేర్పించారని 8 మంది మీద వీసా మోసం కుట్ర కింద ఫెడరల్ క్రిమినల్ కేసు పెట్టారు. విద్యార్థులు 130 మంది దాకా పట్టుబడితే అందులో 129 మంది భారతీయులు, మన తెలుగు పిల్లలు చాలామంది. వాళ్ళవి క్రిమినల్ అరెస్టులు కావు, ఇమ్మిగ్రేషన్ అరెస్టులు. ఆపరేషన్ ఒకటే అయినా కాగితాలు వేరు, కోర్టు వేరు, లాయర్ వేరు. ఆ రోజుల్లో ఇళ్ళ నుంచి ఫోన్ చేసిన తల్లిదండ్రులకి ఈ తేడా విడమర్చి చెప్పేవాళ్ళు లేక, ఎవరికి ఫోన్ చేయాలో తెలియక పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ బాధ వేస్తుంది.

మీ కాగితంలో 'టైటిల్ 8' ఉంటే దాదాపుగా ఇమ్మిగ్రేషన్ (అందులోనూ కొన్ని క్రిమినల్ సెక్షన్లు ఉన్నాయి, లాయర్‌కి చూపించండి). 'టైటిల్ 18' లేదా 'టైటిల్ 21' ఉంటే ఫెడరల్ క్రిమినల్. స్టేట్ పీనల్ కోడ్ సెక్షన్ ఉంటే ఐదో దశ తప్పకుండా చూడాలి.

5. మీ రాష్ట్రం ఎంత అధికారం ఇచ్చిందో చూసుకోండి

మీ రాష్ట్ర శాసనసభ సైట్‌లో 'ఫెడరల్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్', 'పీస్ ఆఫీసర్', 'అరెస్ట్' అన్న మూడు మాటలు ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి. పీస్ ఆఫీసర్ అంటే ఆ రాష్ట్ర చట్టం గుర్తించిన పోలీసు అధికారి. బ్లాగులు, వాట్సాప్ ఫార్వర్డులు నమ్మొద్దు, సెక్షన్ మాటలే చదవండి.

మనవాళ్ళు ఎక్కువగా ఉన్న మూడు రాష్ట్రాలు చూద్దాం. మూడూ మూడు రకాలు.

టెక్సస్‌లో ఎఫ్‌బీఐ, డీఈఏ, మార్షల్స్ లాంటి ఏజెన్సీల పేర్లు చట్టంలోనే వరసగా ఉంటాయి. వాళ్ళు రాష్ట్ర పీస్ ఆఫీసర్లు కారు, కానీ ఫెలనీ (పెద్ద నేరం) కేసుల్లో అరెస్ట్, సోదా అధికారాలు ఉంటాయి. అంటే మిస్‌డిమీనర్‌కి (చిన్న నేరానికి) ఈ సెక్షన్ పనికిరాదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. సరిహద్దు పోర్టు దగ్గర కస్టమ్స్ ఆఫీసర్‌కి తాగి నడిపేవాణ్ణి ఆపి ఉంచి, ఆలస్యం లేకుండా రాష్ట్ర పోలీసుకి అప్పగించే అధికారం విడిగా రాశారు. ఈ సెక్షన్ చాలా చోట్ల ఇంకా 2.122 అనే కనిపిస్తుంది. 2025 జనవరి 1 నుంచి ఆ చాప్టర్‌కి కొత్త నంబర్లు వచ్చాయి, ఇప్పుడు 2ఎ.002 కింద వెతకండి.

కాలిఫోర్నియాలో పీనల్ కోడ్ 830.8. ఫెడరల్ ఆఫీసర్లు రాష్ట్ర పీస్ ఆఫీసర్లు కారంటూనే, కొన్ని సందర్భాల్లో స్టేట్ నేరాలకి అరెస్ట్ చేయనిస్తుంది: ప్రాణానికో ఆస్తికో అప్పటికప్పుడు ప్రమాదం ఉన్నప్పుడు, లోకల్ పోలీసులు సాయం అడిగినప్పుడు, ఇలా. ముందుగా తగిన శిక్షణ పూర్తయిందని వాళ్ళ ఏజెన్సీ అధిపతి ధ్రువీకరించి ఉండాలి. దీని పక్కనే 847 చదవండి, రక్షణ అక్కడుంది. అరెస్ట్ చట్టబద్ధమేనని ఆ సమయంలో నమ్మడానికి తగిన కారణం ఉంటే, తప్పుడు అరెస్ట్ పేరుతో ఆ ఆఫీసర్ మీద సివిల్ దావా నిలవదు. ఆ తర్వాత 830.85 కూడా చూడండి. ఇమ్మిగ్రేషన్, సరిహద్దు ఆఫీసర్లు కాలిఫోర్నియా పీస్ ఆఫీసర్లు కారని అది విడిగా తేల్చి చెబుతుంది.

ఫ్లోరిడాలో 901.1505. హింసతో కూడిన నేరం ఆఫీసర్ ఎదురుగా, ఆయన తన ఫెడరల్ డ్యూటీలో ఉండగా జరిగితేనే వారెంట్ లేకుండా అరెస్ట్.

సెక్షన్ చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఏజెన్సీ పేరు అందులో ఉందా? ఫెలనీకా, మిస్‌డిమీనర్‌కి కూడానా? డ్యూటీలో ఉండాలా? శిక్షణ, లోకల్ షెరీఫ్ సమ్మతి లాంటి షరతు ఏదైనా ఉందా?

ఇక్కడ ఒక హెచ్చరిక. స్టేట్ చట్టం ప్రకారం అధికారం లేదని తేలినంత మాత్రాన మీ కేసు కొట్టేస్తారనుకోవద్దు. అరెస్ట్‌కి తగిన ఆధారం ఉంటే, స్టేట్ చట్టం ఒప్పుకోని అరెస్ట్ అయినా రాజ్యాంగ ఉల్లంఘన కాదని 2008లో వర్జీనియా కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ పాయింట్ ఉపయోగపడేది ఎక్కువగా నష్టపరిహారం దగ్గర, ఎనిమిదో దశలో.

6. మనిషి ఎక్కడున్నారో కనుక్కోండి

ఇమ్మిగ్రేషన్ అరెస్ట్ అయితే ఐస్ ఆన్‌లైన్ డిటైనీ లొకేటర్‌లో ఎ-నంబర్, పుట్టిన దేశం కొట్టండి. ఎ-నంబర్ లేకపోతే పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే పేరు కొట్టాలి. మన ఇంటిపేర్లతో ఇక్కడే చిక్కు. ఇంటిపేరు ముందూ వెనకా మార్చి కూడా చూడండి. ఫెడరల్ క్రిమినల్ అయితే దగ్గర్లోని ఫెడరల్ కోర్టు క్లర్క్ ఆఫీసు, మార్షల్స్ ఆఫీసు. స్టేట్ కేసు అయితే కౌంటీ జైలు రోస్టర్.

లోపల ఉన్నవాళ్ళు "మా కాన్సులేట్‌కి చెప్పండి" అని నోరు తెరిచి అడగాలి. కొన్ని దేశాల విషయంలో అడగకపోయినా చెప్పి తీరాలి. భారతదేశం ఆ జాబితాలో లేదు.

7. అదే రోజు రాసి పెట్టండి

నోటు పుస్తకం ఇందుకే. టైమ్, ఎవరు ఏ మాట అన్నారు, తలుపు ఎవరు తీశారు, ఏ వస్తువు పగిలింది అన్నీ తెలుగులోనే రాయండి, పరవాలేదు. ఇంగ్లిష్ కోసం ఆగితే మర్చిపోతారు. ఒక్కొక్కరూ విడివిడిగా రాయాలి, అందరూ కూర్చుని మాట్లాడుకుని రాస్తే అన్నీ ఒకేలా వచ్చి విలువ పోతుంది. దెబ్బలుంటే డాక్టర్‌కి చూపించండి, మొదటి రోజూ మూడో రోజూ ఫోటోలు తీయండి. కమిలిన మచ్చ రెండు రోజుల తర్వాతే బాగా కనిపిస్తుంది. డోర్‌బెల్ కెమెరా వీడియో కొన్ని రోజులకి చెరిగిపోతుంది, ఆ రాత్రే దించి పెట్టుకోండి.

8. ఆఫీసర్‌కి ఉన్న రక్షణ ఎంత, మీ దారి ఏది

"ఇమ్యూనిటీ ఉంది, ఏమీ చేయలేం" అన్నది సగం నిజం. రెండు దారులు విడివిడిగా చూడాలి.

*క్రిమినల్ దారి.* ఫెడరల్ ఆఫీసర్ మీద స్టేట్ క్రిమినల్ కేసు పెట్టొచ్చు. పెట్టేది మీరు కాదు, కౌంటీ ప్రాసిక్యూటరో రాష్ట్ర అటార్నీ జనరలో. మీరు చేయాల్సింది లోకల్ పోలీసుకి, ప్రాసిక్యూటర్ ఆఫీసుకి రాతపూర్వక ఫిర్యాదు, దానికి ఒక నంబరు తీసుకోవడం. కేసు పెడితే ఆఫీసర్ దాన్ని టైటిల్ 28 సెక్షన్ 1442 కింద ఫెడరల్ కోర్టుకి మార్పించుకోవచ్చు. అలా మార్చినా నేరం స్టేట్‌దే, వాదించేదీ స్టేట్ ప్రాసిక్యూటరే. మార్చాలంటే తన డ్యూటీకి సంబంధించిన ఫెడరల్ వాదన ఏదో ఒకటి ఉండాలి. 1989లో కాలిఫోర్నియాలో ట్రాఫిక్ కేసుల్లో ఇరుక్కున్న ఇద్దరు తపాలా డ్రైవర్లు అది చూపించలేక ఓడిపోయారు.

అసలు రక్షణ రాజ్యాంగంలోని సుప్రిమసీ క్లాజ్ (రాష్ట్ర చట్టం కంటే ఫెడరల్ చట్టమే పైది అనే నిబంధన) నుంచి వస్తుంది. దాని మూలం 1889 నాటి ఒక రైల్వే స్టేషన్ హోటల్. కాలిఫోర్నియాలోని లాత్రాప్‌లో సుప్రీం కోర్టు జడ్జి స్టీఫెన్ ఫీల్డ్ టిఫిన్ చేస్తుండగా, పాత కక్ష ఉన్న డేవిడ్ టెర్రీ వెనక నుంచి వచ్చి కొట్టాడు. కాపలాగా ఉన్న డిప్యూటీ మార్షల్ డేవిడ్ నీగల్ టెర్రీని కాల్చి చంపాడు. లోకల్ అధికారులు నీగల్‌ని హత్య కేసులో అరెస్ట్ చేశారు, ఫెడరల్ కోర్టు విడిపించింది, 1890లో సుప్రీం కోర్టు అది సరైనదే అంది. అప్పటి నుంచి పరీక్ష రెండు ముక్కల్లో ఉంది: ఆ పని ఫెడరల్ చట్టం అప్పగించిన డ్యూటీలో భాగమా? అవసరమైనంత మేరకే చేశాడా?

రెండో ముక్క దగ్గరే కేసులు నిలుస్తాయి, పడిపోతాయి. 1992లో ఐడహోలోని రూబీ రిడ్జ్‌లో ఎఫ్‌బీఐ స్నైపర్ తూటాకి ఒక తల్లి చనిపోయింది. 1997లో కౌంటీ ప్రాసిక్యూటర్ కేసు పెడితే కింది ఫెడరల్ కోర్టు కొట్టేసింది. 2001లో అప్పీల్ కోర్టు 6-5 తేడాతో, వాస్తవాలు తేలకుండా రక్షణ ఇవ్వలేమంది. కానీ అప్పటికి ప్రాసిక్యూటర్ మారారు, కొత్త ప్రాసిక్యూటర్ కేసు వదిలేశారు. అంటే రక్షణ ఉందన్నది నిజం, అది గుడ్డి రక్షణ కాదన్నదీ అంతే నిజం. డ్యూటీ బయట తాగి బండి నడిపినా, ఇంట్లో భార్యని కొట్టినా ఈ రక్షణ అసలే వర్తించదు.

*డబ్బు దారి.* ఎక్కువమందికి నిజంగా పనికొచ్చేది ఇదే. ఆఫీసర్ డ్యూటీలో చేసిన పనికి స్టేట్ చట్టం కింద దావా వేస్తే, 1988 చట్టం ప్రకారం ఆయన స్థానంలో అమెరికా ప్రభుత్వం వచ్చి నిలబడుతుంది. కాబట్టి మీ క్లెయిమ్ ప్రభుత్వం మీద, ఫెడరల్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం కింద. తప్పుడు అరెస్ట్, దాడి లాంటివి 1974 నుంచి ఇందులోకి వస్తాయి. తప్పా కాదా అన్నది ఎక్కడ జరిగిందో ఆ రాష్ట్ర చట్టంతోనే తూస్తారు. ఐదో దశలో మీరు చదివిన సెక్షన్ ఇక్కడ మళ్ళీ అవసరమవుతుంది.

2017లో అట్లాంటాలో ఎఫ్‌బీఐ బృందం తెల్లవారక ముందే తలుపు పగలగొట్టి, ఫ్లాష్ బాంబు వేసి, తప్పు ఇంట్లోకి దూరింది. లోపల ఏడేళ్ళ పిల్లాడు ఉన్నాడు. ఏజెంట్ తన సొంత జీపీఎస్ నమ్ముకున్నాడు. ఆ కేసులో 2025 జూన్‌లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: ఇలాంటి క్లెయిమ్‌లలో సుప్రిమసీ క్లాజ్‌ని అడ్డం పెట్టుకుని ప్రభుత్వం తప్పించుకోలేదు. మిగతా వాదనలకి కేసు కిందికి తిరిగి వెళ్ళింది.

చేయాల్సిన పని: ఎస్ఎఫ్-95 ఫారం నింపి, ఆ ఆఫీసర్ పనిచేసే ఏజెన్సీకే పంపాలి, కోర్టుకి కాదు. 12డి గడిలో మొత్తం ఎంతో అంకె రాయాలి. "తర్వాత చెప్తాం", "న్యాయమైనంత" అని రాస్తే క్లెయిమ్ చెల్లకుండా పోవచ్చు, ఫారం మీదే ఆ హెచ్చరిక ఉంటుంది. తక్కువ రాసినా ప్రమాదమే. కొత్త ఆధారం బయటపడితే తప్ప కోర్టులో అంతకు మించి అడగనివ్వరు. సంతకం మర్చిపోవద్దు.

గడువు 2 ఏళ్ళు. పోస్టు చేసిన రోజు కాదు, ఏజెన్సీకి అందిన రోజు లెక్క. మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం తలుపు మరమ్మతు బిల్లులు, ఫోటోలు, ఆసుపత్రి కాగితాలు చక్కగా అట్ట ఫైల్లో పెట్టుకుని వచ్చారు. ఫారం కూడా తప్పు లేకుండా నింపారు. చివరి రోజు సాయంత్రం పోస్టు చేశారు. మూడు రోజులు ఆలస్యంగా చేరింది. ఆ తల్లి రసీదు పట్టుకుని "పోస్టల్ ముద్ర ఉంది కదండీ" అని అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు. మీరు కనీసం ఆరు నెలల ముందే పంపండి.

లాయర్ ఫీజుకి చట్టమే పరిమితి పెట్టింది: ఏజెన్సీ దశలో తేలితే 20 శాతం, దావా వేశాక 25 శాతం దాటకూడదు. జ్యూరీ ఉండదు, శిక్షగా వేసే అదనపు పరిహారం ఉండదు. రాజ్యాంగ హక్కు పేరుతో ఆఫీసర్ మీద వ్యక్తిగతంగా దావా వేసే దారి 1971 నుంచి ఉన్నా, 2017, 2022 తీర్పుల తర్వాత బాగా ఇరుకైపోయింది. కొన్ని రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో ఇంకో దారి తెరుస్తున్నాయి. ఏది ముందు వేయాలో లాయర్‌నే అడగండి, ఎందుకంటే ప్రభుత్వం మీద తీర్పు వచ్చేస్తే అదే సంఘటన మీద ఆఫీసర్ మీద వేసిన దావా మూసుకుపోతుంది.

అన్నీ సరిగా జరిగాయో లేదో ఇలా చూసుకోండి

ఫిర్యాదు ఇచ్చారా? రిపోర్ట్ నంబరు మీ చేతిలో లేకపోతే ఇవ్వనట్టే లెక్క. ఏజెన్సీ మీద ఇన్‌స్పెక్టర్ జనరల్‌కి (ఏజెన్సీలో జరిగే తప్పుల్ని విచారించే అధికారి) కూడా రాయొచ్చు, కానీ అది ఎస్ఎఫ్-95కి బదులు కాదు, దాని గడువుని ఆపదు కూడా. ఈ రెండిటినీ కలిపేసుకుని నష్టపోయినవాళ్ళున్నారు.

క్లెయిమ్ సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, అందినట్టు సంతకం ఉన్న కార్డు తిరిగి వచ్చిందా చూడండి. ఆ కార్డు మీద తేదీ 2 ఏళ్ళ లోపుండాలి. అక్కడి నుంచి ఏజెన్సీకి 6 నెలల టైమ్. ఆ లోపు జవాబు రాకపోతే, తిరస్కరించినట్టే భావించి కోర్టుకి వెళ్ళొచ్చు. తిరస్కరిస్తూ లెటర్ వస్తే దావా వేయడానికి మీకు 6 నెలలు, అది వాళ్ళు పోస్టు చేసిన తేదీ నుంచి. మీరు ఇండియా వెళ్ళి వచ్చి కవరు విప్పిన తేదీ నుంచి కాదు. అందుకే ఊరెళ్ళేటప్పుడు మెయిల్ చూసే బాధ్యత ఎవరికైనా అప్పజెప్పండి. లెటర్‌తో పాటు, తేదీ ముద్ర ఉన్న ఆ కవరు కూడా పారేయకుండా ఫైల్లో పెట్టండి.